తొంభైమూడు పొడుగు ముక్కు

టీ వడగట్టే జాలిని కత్తిరించి రైలింజనుకు రేడియేటర్ చేసే మనిషి లాలాగూడ మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఆ జాలి కోసం భార్య చేత మాట పడేవాడూ ఒక్కడే.

“పొద్దున్న కొన్న జాలి. ఇవాళ టీ పొడి నమిలి మింగండి, కడుపులో రైళ్ళు బాగా తిరుగుతాయి,” అంది ప్రేమమణి వంటింట్లోంచి.

లూకా తల ఎత్తలేదు. పలచటి ప్లాస్టిక్ షీటును బోర్లా పడుకోబెట్టి, మొన అరగదీసిన బొంతసూదితో వెనక నుంచి ఒక్కొక్క చుక్కే నొక్కుతున్నాడు. ఇటు నొక్కితే అటు రివెట్టు లేస్తుంది, ఆవగింజ దాన్ని చూసి తాను గుమ్మడికాయననుకునేంత చిన్నది. నొక్కేటప్పుడు ఊపిరి పీల్చడు. వరసలో ఒక్క రివెట్టు పక్కకు జరిగితే షీటు మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది. అన్నంలో రాయి వస్తే కిక్కురుమనకుండా తీసి పక్కన పెట్టే మనిషి, రివెట్టు వంకరపోతే మాత్రం ఆ పూట అన్నమే మానేస్తాడు.

డీజిల్ ఇంజన్లు నడిపి రిటైరైనవాడు. ఇప్పుడు ఆ ఇంజన్లనే జానెడు పొడుగున చేసి, కావాలన్నవాళ్ళకు ఇస్తున్నాడు. కావాలనేవాళ్ళు ఉన్నారు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న హరికిషన్ అలాంటివాడే. బ్యాంకు ఉద్యోగం, అల్వాల్‌లో సొంత ఇల్లు. పైఅంతస్తు మొత్తం పట్టాలు పరిచేశాడు. ఆ ఇంట్లో మనుషులు మంచం మీదికి చేరాలంటే సిగ్నల్ పడాలని వాళ్ళావిడ అంటుందట.

“ఇదీ అంకుల్ నాక్కావల్సింది,” అని హరికిషన్ ఫోన్ చూపించాడు. “మీ షెడ్డు బండే. నంబరు చివర తొంభైమూడు. చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూచుని రైల్వే గేటు దగ్గర దీన్నే చూసేవాణ్ణి. మొన్న కోసేశారట. పాత ఇనుము కింద పోయింది.”

లూకా ఫోన్‌ను చేతులు చాపి దూరంగా పట్టుకుని చూశాడు. సూది ఇంకా వేళ్ళ మధ్యనే ఉంది. వంటింట్లో గిన్నె తోముతున్న చప్పుడు ఆగింది.

“ముందు కమ్మి చూడండి, పశువులను తోసేసేది. కుడిపక్క కొంచెం వంగింది కదా. ఎందుకు వంగిందో తెలీదు గానీ, అట్లనే కావాలె. నున్నగ కొత్త పెళ్ళికొడుకు లెక్క వద్దు అంకుల్. నేను చూసిన బండి కావాలె.”

“ఎందుకు వంగిందో నాకు తెల్సు,” అన్నాడు లూకా.

“ఎందుకు?”

“చేస్తా తియ్యి. ఇంకో ఆదివారం రా.”

హరికిషన్ వెళ్ళాక ప్రేమమణి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెది గుంటూరు వైపు. పెళ్ళై లాలాగూడ వచ్చి, ఇక్కడి బడిలో టీచరుగా చేసి జుట్టు తెల్లబడినా మాట మాత్రం అక్కడిదే.

“వేరే ఏ బండైనా చేస్తానని చెప్పొచ్చుగా.”

“బండేం చేసింది మణీ?”

ఆమె లోపలికి పోయి గిన్నె మీద గిన్నె బోర్లించింది.

*

ఆ వారం లూకా బల్ల దగ్గర నుంచి లేవలేదు.

ఈ జాతి ఇంజనుకు డ్రైవరు గది ముందూ ఉండదు, వెనకా ఉండదు. ఒక కొసకు దగ్గరగా ఉంటుంది. గదికి ఒక పక్క చిన్న ముక్కు, రెండో పక్క ఇంజను మొత్తం దాచుకున్న పొడుగు ముక్కు. చిన్న ముక్కు ముందుంటే డ్రైవరు మారాజు. పొడుగు ముక్కు ముందుంటే, గోడ పక్కన కూర్చుని గోడకు అవతలున్న వీధిలో సైకిల్ తొక్కడమే. బండి తిప్పే వీలు లేనప్పుడు అలాగే తీసుకుపొమ్మనేవారు, తీసుకుపోయేవారు.

లూకా ముందు పొడుగు ముక్కే కట్టాడు. ఇత్తడి తీగను నిప్పు మీద కాల్చి మెత్తబరిచి చేతికమ్ములు వంచాడు. అయిపోయిన పెన్ను రీఫిల్ మొనలతో హారన్లు చేశాడు. కరెంటు తీగ మీది తొడుగు బ్రేకు పైపులైంది. పొగగొట్టం చుట్టూ మసి కోసం కొవ్వొత్తి మీద పింగాణీ పళ్ళెం పట్టి, ఆ నలుపును కుంచెతో అద్దాడు. కమ్మి కుడిపక్క వంచేటప్పుడు మాత్రం పట్టకారు మూడుసార్లు జారింది.

గది కట్టి, కిటికీలకు మాత్రల అట్టమీది పారదర్శకపు ప్లాస్టిక్ కోసి అద్దాలు పెట్టాడు. ఇక గది వెనక గోడ, చిన్న ముక్కు మిగిలాయి. వాటిని విడిగా చేసి ఆరబెట్టాడు. గది వెనక వైపు తెరుచుకునే ఉంది.

అదిగో అప్పుడు వచ్చాడు ఓంప్రకాశ్. గూడ్సు బండ్ల గార్డుగా చేసి రిటైరైనవాడు. నాలుగిళ్ళ అవతల ఉంటాడు. కాలనీలో ఎవరింట్లో ఏ కూర వండారో ఆ ఇంటి మగాడికన్నా ముందు ఇతనికి తెలుస్తుంది.

“క్యా లూకా భాయ్, ఇంజన్ కొలువు మళ్ళ షురూనా? ఒక కథ చెప్పరాదు. ఆ కోళ్ళ కథ చెప్పు.”

“యాది లేదు.”

“నేను చెప్తా విను. భువనగిరి దాటినంక నీ హెడ్‌లైట్ వెలుగు ఊర్ల పడ్డది. కోళ్ళు తెల్లారిందనుకొని కూసినయ్. ఊరంత లేచి పళ్ళు తోముకున్నది. ఒకాయన నాగలి కట్టుకొని పోయి చీకట్ల పక్కోని పొలం దున్నొచ్చిండు. వాడేమో సాయంత్రం మిఠాయి పంపిండు! ఇట్ల చెప్తుంటివి గదనే. డ్యూటీ దిగి రన్నింగ్ రూముల పండుకుంటే నీ పక్క మంచం కోసం కొట్లాడుకుంటుండె అందరు.”

లూకా చిన్నగా నవ్వినట్టే పెదవి కదిలించాడు గానీ, నవ్వు బయటికి రాలేదు. ఓంప్రకాశ్ బల్ల మీదికి వంగాడు. పొడుగు ముక్కు పక్కన అప్పుడే అతికించిన తెల్ల అంకెలు చూశాడు. నిటారుగా లేచాడు.

“ఇది తొంభైమూడు గదా.”

“అవును.”

“బిక్షం మీదికెల్లి పోయిన బండి.”

“అవును, ఓంప్రకాశ్. నేను నడిపిన బండి.”

“దీన్నెందుకు చేస్తున్నవ్ భాయ్? జనం మరిచిపోతున్నరు. మళ్ళ నోళ్ళకు పని చెప్తవా?”

“జనం మరిచేది సచ్చినాయన్ని. నన్నేం మరువలే. మొన్న రేషన్ దుకాణం కాడ కూడ ఒకడన్నడు, కథలు చెప్పుకుంట మనిషిని తొక్కిచ్చినోడు గీయనే అని.”

“లూకా ఉన్న ఇంజన్ల కథ లేకుంట ఉంటదా అని అప్పుడెవడో మజాకుకు అన్నడు. గదే నిలబడ్డది.”

“మజాకే. ఎంక్వైరీల సారు గూడ నవ్విండు. నేనేమో కనబడలేదు సార్ అంటున్న. ఇది నీ ఎన్నో కథ లూకా, అన్నడాయన.” లూకా కుంచెను నీళ్ళలో ముంచి, గుడ్డకు తుడిచి, మళ్ళీ ముంచాడు. కుంచె అప్పటికే శుభ్రంగా ఉంది. “గా దినం నుంచి కథలు చెప్తలేను.”

ఓంప్రకాశ్ టీ కూడా తాగకుండా లేచాడు. టీ తాగకుండా అతను లేచాడంటే, వేడివేడిగా మోసుకుపోవాల్సింది ఇంకేదో దొరికిందన్నమాట.

*

మర్నాడు మధ్యాహ్నం విమలమ్మ వచ్చింది.

బిక్షం భార్య. పట్టాల మీద పనిచేసే గ్యాంగులో అతనుండేవాడు. అతను పోయాక ఆ ఉద్యోగానికి బదులు ఈమెకు రైల్వే ఆసుపత్రిలో ఆయా పని ఇచ్చారు. డ్యూటీ నుంచి అటునుంచటే వచ్చినట్టుంది, చీర మీద ఇంకా డెట్టాల్ వాసన. చెప్పులు విప్పలేదు. ప్రేమమణి “రండి విమలమ్మ గారూ” అంటుంటే ఆమెను దాటుకుని బల్ల ముందుకొచ్చి నిలబడింది. వెనకే, పంపు దగ్గర ఉన్న ఆడవాళ్ళు బిందెలు వదిలేసి గేటు దాకా వచ్చారు. వాళ్ళకన్నా ముందు ఓంప్రకాశ్ ఉన్నాడు.

“నా మొగన్ని చంపిన బండిని బొమ్మ జేస్తున్నవట.”

లూకా లేచి నిలబడ్డాడు.

“ఎవల పిల్లలాడుకోవాలె దానితోటి? చెప్పు. ఎవనింట్ల అద్దాల బీరువల పెట్టుకొని సూడాలె? నువ్వు కథలల్ల బడి ఆయన్ని తొక్కిస్తివి. గిప్పుడు రంగులేసి అమ్ముకుంటున్నవా?”

“అమ్మా,” అంది ప్రేమమణి.

“నువ్వాగు టీచరమ్మా. నీ మొగడు నీకున్నడు.”

ప్రేమమణి ఆగిపోయింది. విమలమ్మ చెయ్యి చాపి ఇంజన్ను ఎత్తింది. ఇంత పెద్ద చెయ్యి, అంత చిన్న బండి. లూకా అడ్డు రాలేదు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు.

“పలగ్గొట్టుకో విమలమ్మా. నేనేమనను.”

కొట్టమంటే కొట్టడం కష్టం. ఆమె చెయ్యి గాల్లోనే ఉంది. మెల్లగా కిందికి దిగింది. బండిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. ఆమె దాన్ని దగ్గరగా చూడటం అదే మొదటిసారి. అసలు బండి లైను మీద పోతున్నప్పుడల్లా మొహం తిప్పుకునేది. చూపుడువేలు వంగిన కమ్మి దగ్గర ఆగింది.

“గిది... ఆయన తగిలినప్పుడు వంగిందా?”

“కాదు. బర్రె తగిలి. ఆయనకంటె ముందే.” అన్నాడు లూకా. “మనిషి తగిలితే ఇనుము వంగదు.”

విమలమ్మ చాలాసేపు ఆ కమ్మినే రుద్దింది. తరవాత అడిగింది.

“నువ్వేడ కూసున్నవ్?”

లూకా బల్ల పక్కనున్న చెక్కను ముందుకు లాగాడు. చేసిన బళ్ళు నడిపి చూసుకోవడానికి దాని మీద రెండు వరసల పట్టాలు వేసుకున్నాడు, రెండూ కుడివైపుకు వంపు తిరిగి ఉంటాయి. ఆమె చేతిలోంచి ఇంజన్ను తీసుకుని, ఎడమ వరస మీద పొడుగు ముక్కు ముందుకు పెట్టి నిలిపాడు.

“ఇట్లనే పోతున్నం. గదిల ఎడమ పక్క నేను. కుడిపక్క అసిస్టెంటు ఉండాలె. ఇంజన్ల నూనె చూడనీకి లోపలికి పోయిండు. అది గంట గంటకు పోవాలె, వాని డ్యూటీ.”

“మరి కథ ఎవలికి చెప్తున్నవ్?”

“ఎవరున్నరు చెప్పనీకి?”

ఆమె అతని మొహంలోకి చూసింది. మళ్ళీ చెక్క వైపు తిరిగింది.

“ఆయనేడున్నడు?”

లూకా బల్ల మీది అగ్గిపెట్టెలోంచి పుల్ల తీసి సగానికి విరిచాడు. ఆ కొలతకు మనిషి అంతే ఉంటాడు. ఎర్ర తల ఉన్న ముక్కను పుట్టీ ముద్దలో గుచ్చి, కుడి వరస పట్టాల మధ్య నిలబెట్టాడు. ఒకసారి పడిపోతే మళ్ళీ గుచ్చాడు.

“ఆ లైన్ల గ్యాంగు పని చేస్తుండె. ఎదురుంగ గూడ్సు వచ్చింది. అందరు అవతలికి, కంకర దిక్కు ఉరికిన్రు. ఆయన దగ్గర సామాన్లున్నయ్. ఇవతలికి, మా లైన్లకు ఒక్కడుగు ఏసిండట. గూడ్సు పోతే చాలనుకున్నడు. వంపు గదా అని నేను హారన్ కొట్టిన. గూడ్సు చప్పుడుల ఏడ వినబడ్తది?”

“ఎర్ర తువ్వాల చుట్టుకునేది తలకు,” అంది విమలమ్మ, పుల్లను చూస్తూ.

“అవతల ఉన్నోళ్ళు చేతులెత్తి మొత్తుకునేది గూడ్సు డబ్బాల సందులకెల్లి కనబడ్డది. అప్పుడు బ్రేకు కొట్టిన.”

విమలమ్మ చెప్పులు విప్పింది. ఎందుకు విప్పిందో ఆమెకే తెలియాలి. బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంజను గది వెనక ఇంకా మూయలేదు గదా, ఆ సందుకు కన్ను ఆనించింది. ఎడమ కిటికీ దగ్గరికి కన్ను జరిపి, రెండో కన్ను అరచేత్తో మూసుకుంది.

“ఏడున్నడు?”

“అక్కడ్నే ఉన్నడు.”

ఆమె తల ఎత్తి చూసింది. పుల్ల అక్కడే ఉంది. మళ్ళీ కన్ను ఆనించింది. మళ్ళీ ఎత్తింది. చెయ్యి చాపి పుల్లను ఇంకొంచెం దూరం జరిపింది, వంపులోకి. చూసింది. ఇంకొంచెం జరిపింది. చూసింది. వంపు తిరిగే కొద్దీ పొడుగు ముక్కు అడ్డంగానే ఉంది. చివరికి పుల్లను కుడి వరస దాటించి, ఇంజను నడిచే పట్టాల మధ్యకు తెచ్చి పెట్టింది. కన్ను ఆనించి అలాగే ఉండిపోయింది.

“ఇప్పుడు సుత కనబడ్తలేడు.”

“కనబడడు.”

“ఇంక ఎప్పుడు కనబడాలె?”

ఆమె పుల్లను ఎడమవైపు కంకర మీదికి జరిపింది. చూసింది. ఈసారి ఆమె వీపు కదిలింది.

“గిప్పుడు కనబడ్డడు,” అంది.

గోడ మీది బైబిలు వాక్యాల క్యాలెండరు ఫ్యాను గాలికి టపటపమంటోంది. ప్రేమమణి పోయి దాన్ని చేత్తో పట్టుకుని ఆపింది.

“గీ మాట నాకెందుకు చెప్పలే నువ్వు?” విమలమ్మ ఇంకా మోకాళ్ళ మీదే ఉంది.

“మట్టి చేసిన తెల్లారి మీ వాకిట్లకొచ్చిన. తలుపు తియ్యలే.”

“తీసినా నమ్మకపోదును.”

“తెల్సు.”

ఆమె లేచింది. అగ్గిపుల్లను పుట్టీలోంచి ఊడదీసి, కొంగు చివర పెట్టి ముడేసుకుంది. చెప్పులు చేత పట్టుకుని వాకిట్లోకి నడిచింది. గేటు దగ్గర ఆడవాళ్ళు దారి ఇచ్చారు.

“ఏమాయె విమలమ్మా, పలగ్గొట్టినవా?” అన్నాడు ఓంప్రకాశ్.

“కనబడదు,” అంది ఆమె.

“ఏంది?”

“నేను జూసిన. ఆడ కూసుంటె కనబడదు. నువ్వు గార్డు కొలువు చేసినోనివి గదా, పోయి సూడు జెర. మీరు సుత పోయి సూడున్రి.” చెప్పులు వేసుకుంది. “చూసినంకనే మాట్లాడున్రి.”

*

అసలు బండి బతికున్నన్నాళ్ళూ దాని గదిలోకి తొంగిచూసినవాళ్ళు ఎంతమందో తెలియదు గానీ, బొమ్మ బండి గదిలోకి లాలాగూడ సగం తొంగిచూసింది.

మొదట ఓంప్రకాశ్ చూశాడు. అతనికి కళ్ళద్దాలు అడ్డమొచ్చాయి, తీస్తే ఏమీ కనపడలేదు, పెడితే కన్ను ఆనలేదు. చివరికి అద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని చూసి, వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ రోజు టీ తాగాడు. తరవాత గ్యాంగు మనుషులు వచ్చారు, వాకిట్లో చెప్పులు విడిచి, దర్గాకు వచ్చినట్టు ఒకరి వెనక ఒకరు. ప్రతివాడికీ లూకా కొత్త పుల్ల విరిచి గుచ్చాడు. వివరించడం మాత్రం మానేశాడు. ఆ పని ఓంప్రకాశ్ తన మీద వేసుకున్నాడు. “గిట్ల ఎడమ కన్ను మూయాలె, హా, గిప్పుడు చెప్పు, కనబడ్తున్నడా?” అంటూ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా గొంతు పోగొట్టుకున్నాడు. వచ్చినవాళ్ళు పోతూ పోతూ లూకా భుజం మీద చెయ్యి వేసి తీసేవారు. ఒకతను మాత్రం, రేషన్ దుకాణం దగ్గర మాట అన్నవాడు, గేటు దాకా వచ్చి వెనక్కి పోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చి, చూసి, తలవంచుకుని పోయాడు.

అందరికీ పళ్ళేలు, గ్లాసులు అందిస్తూ ప్రేమమణి ఆ గదిలోకి ఎన్నోసార్లు వచ్చింది, వెళ్ళింది. బల్ల దగ్గర ఆగలేదు. ఈమెకేం అవసరం, నేను చెప్పిననాడే నమ్మింది గదా, అనుకున్నాడు లూకా.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి హరికిషన్ వాకిట్లో ఉన్నాడు. సంగతి కాలనీ మలుపులోనే ఎవరో చెప్పేశారు. బండి వంక చూడ్డానికి కూడా జంకుతున్నాడు.

“అంకుల్, నాకు నిజంగ తెల్వదు. సారీ. మీరు దీన్ని ఉంచేసుకోండి. నాకు వేరేది...”

“ఎందుకు? ఇది నువ్వు మీ నాయిన భుజాల మీదికెల్లి చూసిన బండి. నీదే. సాయంత్రం వచ్చి తీస్కపో. వెనక గోడ, ముక్కు అతికిచ్చేదున్నది. ఒకటే మాట. మీ ఇంట్ల వంపు కాడ మెల్లగ నడుపు.”

హరికిషన్ తలూపి వెళ్ళిపోయాడు.

లూకా చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, బనీను మీద బల్ల ముందు కూర్చున్నాడు. వెనక గోడ అంచులు ఆకురాయితో సరిచేశాడు. ఇది అతికిస్తే ఇక ఆ గదిలోకి ఏ కన్నూ దూరదు. జిగురు సీసా మూత తీసి, సన్న కుంచె ముంచి, అంచు వెంట రాయబోయాడు.

“ఆగండి.”

ప్రేమమణి. చేతులు తడిగా ఉన్నాయి. పైట చెంగుతో తుడుచుకుంది. కళ్ళద్దాలు తీసి, వాటినీ తుడిచి, బల్ల మీద పెట్టింది. వచ్చి అతని పక్కన వంగింది. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, రెండో చేత్తో కన్ను మూసుకుని, గది వెనక నుంచి చూసింది.

లూకా అగ్గిపెట్టె వైపు చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అక్కడే ఉంది. ఇన్నేళ్ళూ ఒకే కంచంలో కలిపి పెట్టింది, ఒకే బెంచీ మీద పక్కన కూర్చుని ప్రార్థన చేసింది, మనిషి కనబడలేదని అతను చెప్పినప్పుడు సరేనని తలూపింది. ఇప్పుడు పుల్ల కోసం ఎదురుచూస్తూ వంగి ఉంది.

పుల్ల విరిచాడు. గుచ్చాడు.

ఆమె చూసింది. చాలాసేపు చూసింది. కుంచె మీది జిగురు గట్టిపడి గాజుపూసలా అయింది. ఆమె లేచినప్పుడు కంటి చుట్టూ ఇంజను అంచు ఒత్తుకుని చిన్న చదరపు గుర్తు పడింది. అతని వంక చూడలేదు. అతనూ అడగలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ అంటించిన చప్పుడు, గిన్నెలో నీళ్ళు పోసిన చప్పుడు వచ్చాయి.

లూకా కుంచెను గీకి, మళ్ళీ జిగురు ముంచి, వెనక గోడ పెట్టాడు. చిన్న ముక్కు పెట్టాడు. రెండు వేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు. అది పట్టుకునేదాకా కదలకూడదు. కదలకుండానే వంటింటి వైపు గొంతు పెంచాడు.

“మణీ. డోర్నకల్ కాడ ఒకసారి ఇంజన్‌కు దగ్గొచ్చింది, నీకెప్పుడన్న చెప్పిన్నా?”

వంటింట్లో నీళ్ళు మరగడం మొదలైంది.

“మిరపకాయల డబ్బాలు తగిలించిన్రు వెనక. గాలి ఇటు దిక్కు. ఇంజన్ దగ్గుడు షురూ చేసింది. ఖమ్మం దాక దగ్గుకుంట పోయినం. హారన్ కొడితే తుమ్ము వస్తున్నది. స్టేషన్ మాస్టర్ పచ్చజెండా పక్కన పెట్టి తులసాకు రసం తెచ్చిండు, చెంబెడు.”

కాసేపటికి లోపలి నుంచి గొంతు వచ్చింది. ఏడ్చిన గొంతు.

“అబద్ధం.”

“అవును,” అన్నాడు లూకా, ముక్కును నొక్కి పట్టుకునే. “ఇది అబద్ధమే.”